చెరువు తెగిన దోషమెవరిది?

హైదరాబాదు నయాపూలుపై నిలిచి పడమటి దిక్కునకు చూచినచో కుడిచేత ఉస్మానియా ఆసుపత్రియు, ఎడమచేత ఎఱ్ఱరాతి గోడలతో, గుమ్మటములతో ఉన్నత న్యాయస్థానమును కనబడును. నడుమ మూసీ. వేసవిలో ఆ సన్నని ధారను చూచిన కొత్తవారు, ఈ నది ఒక్కనాడు ఇంచుమించు 15 వేలమందిని పొట్టన పెట్టుకొన్నదన్న నమ్మజాలరు. ఆ వరద వచ్చిన పండ్రెండేండ్లకు, 1920లో, దాని ఒడ్డుననే ఈ న్యాయస్థానము వెలసినది. నీరు చేసిన నష్టమునకు ఎవరు బాధ్యులను ప్రశ్న ఈ కట్టడములోనికి పలుమారులు నడచి వచ్చినది. ఆ ప్రశ్న చరిత్రనే మేమిచ్చట కొంత చెప్పదలచినాము.

1908 సెప్టెంబరు 28. రంజాను నెల మొదలగుచున్న దినములు. పాతబస్తీ పెద్దలు ఆ వరదను ‘తుగ్యానీ’ యని పిలుచుచు వచ్చిరి. శంషాబాదు వైపున ఒక్క దినమున 12 అంగుళములకు మించి వాన కురిసెను. అఫ్జల్ వంతెన, ముసల్లం జంగు వంతెన, చాదర్‌ఘాటు వంతెన కొట్టుకొనిపోయినవి. 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కట్టించిన పురానాపూలు మాత్రము దెబ్బలు తిని నిలిచినది. ఇండ్లు 19 వేల వరకు కూలినవని లెక్క. ఇప్పటి ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి నూటయేబదిమంది ప్రాణములు దక్కించుకొనిరి. ఉర్దూ కవి అంజద్ హైదరాబాదీ తల్లిని, భార్యను, కూతురిని ఆ నీటికే ఇచ్చివేసెను.

ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను అన్నసత్రములు పెట్టించెను, నిలువనీడ లేనివారికి ఆశ్రయము కల్పించెను. ఆ ప్రభువును ప్రజలు మరువలేదు. కాని ఒకమాట గమనింపవలసి యున్నది. అట్లు లభించినది దయ. దయకు కొలత ఉండదు. రాకున్న అడుగుటకు దారి ఉండదు. నష్టపడినవాడు చేయి చాచుటకును, వ్రేలు చూపుటకును గల భేదమే న్యాయశాస్త్రములో అపకృత్య విభాగము. దీనినే మన వకీళ్లు టార్టు అందురు. కరారు లేకున్నను, నేరము కాకున్నను, ఒకని చేష్టవలననో అజాగ్రత్తవలననో వేఱొకనికి హాని కలిగినప్పుడు ధనరూపమున దానిని పూడ్చుమనునది ఆ విభాగమునకు మూలసూత్రము. వాది తన హానిని చూపును. ప్రతివాది తన రక్షణవాదములను ముందు పెట్టును. వానిలో మిక్కిలి ప్రాచీనమైనది, మిక్కిలి గంభీరమైనది ‘ఇది దైవఘటన, నా చేతిలో లేదు’ అనునది.

మరి మూసీ వరద దైవఘటనయేనా? వాన దైవికమే. కాని మరుసటి యేడు నిజాము ప్రభుత్వము పిలువగా వచ్చిన మోక్షగుండము విశ్వేశ్వరయ్య వానలెక్కతో ఆగలేదు. మూసీ పరీవాహక ప్రాంతమున 788 చెరువులున్నవని, అనగా చదరపు మైలునకు ఇంచుమించు ఒకటి చొప్పున గలవని, వానిలో 221 తెగినవని ఆయన గణించెను. ఈ రెండు సంఖ్యలను పక్కపక్కన పెట్టి చూచినప్పుడు మాకు వరద రూపమే మారిపోయినది. నగరముపై విరుచుకొనిపడినది ఆకాశము మాత్రమే కాదు. మనుష్యులు కట్టి నిలువ చేసిన నీరు కట్టలు తెంచుకొని వాననీటితో కలిసి వచ్చినది. ఒక చెరువు తెగిన దాని భారము క్రింది చెరువుపై పడును, అదియు తెగును. గొలుసుకట్టు చెరువుల దేశములో పుట్టినవారికి ఇది వివరింప నక్కరలేదు. కట్ట మనుష్యకృతము. అలుగు మనుష్యకృతము. అలుగు వెడల్పు చాలకున్న, కట్టపై తుమ్మలు మొలచి వేళ్లు దిగి గండి పడిన, దేవునిపై ఎంతవరకు నెట్టవచ్చును?

ఈ ప్రశ్న అప్పటికే రెండు చోట్ల, రెండు విధములుగా తీర్పు పొందియున్నది. మొదటిది ఇంగ్లండున. లాంకషైరులో రైలండ్సు అను మిల్లు యజమాని నీటికై జలాశయము కట్టించెను. 1860లో ఆ నీరు అడుగునగల పాత గని బిలములలోనికి దిగి, పొరుగున ఫ్లెచరు నడుపుచున్న బొగ్గుగనిని ముంచెను. యజమాని స్వయముగా చేసిన పొరపాటేమియు లేదు. పని చేసినవారు గుత్తేదారులు. అయినను 1868లో ప్రభువుల సభ అతనినే బాధ్యుని చేసెను. వెలికి వచ్చిన హాని చేయగల వస్తువును తన లాభమునకై తన భూమిపైకి తెచ్చి నిలువచేసినవాడు, అది తప్పించుకొన్నచో, అజాగ్రత్త ఉన్నను లేకున్నను నష్టము చెల్లింపవలెనని సూత్రము. దైవఘటన మాత్రము మినహాయింపు. 1876లో అట్టి మినహాయింపు దొరికినది కూడ: చెషైరులో ఒక ఎస్టేటునందలి అలంకారపు కొలనులు అపూర్వమైన వానకు తెగి నాలుగు వంతెనలను కొట్టివేయగా, యజమానురాలిని కోర్టు విడిచిపెట్టెను.

రెండవది మన చిత్తూరు సీమది. దీనిని గూర్చి కొంత నిదానముగా చెప్పవలయును. ఎందుకనగా లండనులో తీర్పు చెప్పిన పెద్దలు మన చెరువును ఎట్లు అర్థము చేసికొనిరో ఇందు తెలియును. కార్వేటినగరము జమీందారు భూములలోని రెండు చెరువులు పెనువానకు తెగి, ఆ నీరు మద్రాసు రైల్వే కంపెనీవారి దారిని పాడుచేసెను. ఆ సీమ అప్పుడు ఉత్తరార్కాటు జిల్లాలోనిది. చిత్తూరు జిల్లా 1911లో గాని ఏర్పడలేదు. కంపెనీవారికి రైలండ్సు సూత్రము చేతనే యున్నది. నీవు నీరు నిలువచేసితివి, అది తప్పించుకొని మా దారిని కొట్టినది, చెల్లింపుము, అని వారి వాదము. తర్కమునకు లోపము లేదు. మద్రాసు హైకోర్టులో ఓడి, వ్యాజ్యమును ప్రీవీ కౌన్సిలు దాక కొనిపోయిరి. 1874లో అచ్చటను ఓడిరి.

ఎందుకు ఓడిరి? దైవఘటన అన్న మాటపై కాదు. ప్రీవీ కౌన్సిలు చెప్పిన కారణము వేఱు. లాంకషైరు మిల్లు యజమాని జలాశయము అతని స్వంత లాభమునకు, అతని ఇచ్చ కొలది కట్టినది. ఈ దేశపు చెరువు అట్టిది కాదు. అది చరిత్రకందని కాలమునుండి ఉన్న సేద్యవ్యవస్థలో భాగము. హిందూ ధర్మమును, మహమ్మదీయ ధర్మమును, కంపెనీ రెగ్యులేషనులును దానిని గుర్తించినవి. దానిపై అసంఖ్యాక ప్రజల బ్రతుకు నిలిచియున్నది. జమీందారు తనకు విసుగు పుట్టినదని దానిని పూడ్చివేయ లేడు. దానిని కాచుట, మరమ్మతు చేయుట అతనికి ఆచారము విధించిన కర్తవ్యము. ఉంచక తప్పని వస్తువును ఉంచినందుకు మనుష్యుని శిక్షించుట న్యాయము కాదు. కావున అజాగ్రత్త ఋజువైన గాని బాధ్యత లేదు. ఇచ్చట అజాగ్రత్త ఋజువు కాలేదు.

ఈ తీర్పును కొందరు జమీందారులకు దొరికిన రక్షాకవచముగా మాత్రము చదువుదురు. మేమట్లు తలపము. తీర్పులో రెండవ అంచు కూడ కలదు. కాచుట కర్తవ్యమైనచో, కాచకుండుట దోషము. కట్ట బలము, అలుగు వెడల్పు, తూము స్థితి సాక్ష్యములోనికి వచ్చితీరును. మన పూర్వులకు ఇది కొత్త కాదు. కడప సీమలోని పోరుమామిళ్ల చెరువు వద్ద 1369 నాటి శాసనము, మంచి చెరువునకు పండ్రెండు అంగములను, తప్పింపవలసిన ఆరు దోషములను ఏకరువు పెట్టినది. దోషములను రాతిపై చెక్కించినవారు, చెరువు తెగినప్పుడు అంతయు విధిపై వేసియుండరని మా ఊహ.

అయితే రక్షణవాదము జమీందారు చేతినుండి ప్రభుత్వము చేతికి మారినప్పుడు కథ మలుపు తిరిగినది. జమీందారీలు పోయినవి; చెరువులు, కాలువలు సర్కారువైనవి. 1982 నాటి ఒక తీర్పు చూడుడు. ప్రభుత్వము త్రవ్వించిన కాలువకు అడుగున సిమెంటు పూత లేనందున నీరు ఊరి, ఒక రైతు తోటలోని ఫలవృక్షములు చచ్చినవి. ఆతడు నష్టపరిహారమునకై పోరాడెను. మూసీ ఒడ్డుననున్న ఈ హైకోర్టే విచారించి, సేద్యమునకై కాలువలో నీరు పారించుట భూమికి సహజమైన ఉపయోగమే గాన రైలండ్సు సూత్రము వర్తింపదని చెప్పెను. కార్వేటినగరపు ధోరణియే ఇది. న్యాయశాస్త్ర దృష్టితో తీర్పులో తప్పు పట్టుట కష్టము. చచ్చిన చెట్ల నడుమ నిలిచినవానికి మాత్రము అది ఎట్లు తోచెనో ఊహింపవచ్చును. కాలువ ఊరందరికి మేలు, దాని నష్టము ఒక్కనిది. ఆ ఒక్కని నష్టమును ఊరందరును ఏల పంచుకొనరాదో సమాధానము మాకు దొరకలేదు.

ప్రభుత్వము చేతిలో ఇంకొక పాత ఆయుధము కలదు: సార్వభౌమాధికారము. రాజు తప్పు చేయడు, కావున రాజుపై దావా లేదు. 1861లో కలకత్తా రేవులో సర్కారు కూలీలు మోయుచున్న ఇనుపముక్క పడిన చప్పుడునకు ఒక ఓడల కంపెనీవారి బండిగుఱ్ఱము బెదరి గాయపడగా, అది వ్యాపారము వంటి పనియే గాని రాచకార్యము కాదని చెప్పి కోర్టు నష్టము ఇప్పించెను. తీర్పు వాదికి అనుకూలమే. కాని రాచకార్యమైనచో రాదను భేదమును అది నాటిపోయినది. రాజ్యాంగము 300వ అధికరణము ఆ పాత స్థితినే నిలిపినది. 1962లో సర్కారు జీపు ఢీకొని మరణించిన బాటసారి కుటుంబమునకు సుప్రీం కోర్టు పరిహారమిచ్చెను. వెంటనే, 1965 లా రిపోర్టులలో అచ్చయిన కస్తూరీలాల్ కేసులో, పోలీసులు పట్టుకొన్న బంగారమును హెడ్‌కానిస్టేబులే అపహరించి పాకిస్తానమునకు పారిపోయినను, పట్టుట రాచకార్యము గాన ప్రభుత్వము చెల్లింపనక్కరలేదని చెప్పెను. స్వర్ణము పోయినవాడు ఎవరిని పట్టుకొనవలయునో ఆ తీర్పు చెప్పలేదు.

ఈ కవచము చీలినది మన తెలుగు కేసులతోనే యనుట అతిశయోక్తి కాదు. ఎన్. నాగేంద్రరావు అండ్ కంపెనీ అను ఎరువుల, ధాన్యముల వ్యాపారసంస్థ సరకును 1975లో అధికారులు పట్టుకొనిరి. అమ్మి ధనమును భద్రపరచవలసినవారు అమ్మలేదు. చివరకు సరకు చాలవరకు తిరిగి ఇయ్యవలసినదని తేలినప్పటికి అది చెడిపోయియున్నది. క్రింది కోర్టు డిక్రీ ఇచ్చెను. హైకోర్టు కస్తూరీలాలును చూపి కొట్టివేసెను. 1994లో సుప్రీం కోర్టు ఆ డిక్రీని నిలిపి, సంక్షేమరాజ్యమున అధికారుల నిర్లక్ష్యమునకు ఈ పాత సిద్ధాంతము అండ కాజాలదని వివరించెను.

కోయిలకుంట్ల కేసు ఇంతకంటె దారుణము. తండ్రీకొడుకులు ఒక కేసులో రిమాండై కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్‌జైలులో నుండిరి. తమ ప్రాణమునకు ముప్పున్నదని ముందే మొరపెట్టుకొనిరి. కాపలా పెరుగలేదు. 1977 మే నెలలో ఒక తెల్లవారుజామున శత్రువులు లోనికి వచ్చి గదిపై బాంబులు వేసిరి. తండ్రి మరణించెను, కొడుకు గాయములతో బయటపడెను. దావాలో ప్రభుత్వము సార్వభౌమవాదమునే పట్టుకొనెను: జైలు నడుపుట రాచకార్యము కాక మరేమి? క్రింది కోర్టు దావా కొట్టివేసెను. మూసీ ఒడ్డు హైకోర్టు 1989లో దానిని తిరుగవ్రాసి, జీవించుహక్కు రాజ్యాంగము హామీయిచ్చినది గాన దానిని హరించినచోట సార్వభౌమవాదము నిలువదని తేల్చి, 1,44,000 రూపాయలను నూటికి 6 వడ్డీతో చెల్లింపుమని డిక్రీ ఇచ్చెను. 2000 సంవత్సరమున సుప్రీం కోర్టు దానిని స్థిరపరచెను. బాంబు పడిన నాటినుండి కడపటి తీర్పు వరకు ఇరువదిమూడేండ్లు. పరిహారమను మాట పలికినప్పుడెల్ల ఈ అంకెయు చెప్పవలయును.

మరల మూసీకి వత్తము. వరద తరువాత 1912లో నగరాభివృద్ధి సంస్థ ఏర్పడెను; విశ్వేశ్వరయ్య సూచించిన రెండు జలాశయములలో ఉస్మాన్‌సాగరు 1920లోను, హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియైనవి. ఇవి నగరమునకు రక్ష. అంతేకాదు, న్యాయదృష్టిలో ఇవి ఒక ఒప్పుకోలు వంటివి. ఇట్టి వాన వచ్చునని, దానికి అడ్డుకట్ట సాధ్యమని తెలిసిన పిదప, మరల అట్టి వాన వచ్చినప్పుడు ‘ఎవరు ఊహింతురు’ అను మాటకు బలము తగ్గును. 1917లో ప్రభువుల సభ స్కాట్లండు కేసులో ఇట్టి మాటయే చెప్పినది. గ్రీనకు పురపాలకులు పిల్లలాడుకొనుటకు వాగుదారిలో కాంక్రీటు మడుగు కట్టించిరి. పెనువానకు అది పొంగి రైల్వేవారి ఆస్తిని ముంచెను. వాగు సహజమార్గమును మార్చినవాడు అసాధారణమైన వానకు కూడ తగిన యేర్పాటు చేయవలెను. దైవఘటన యనరాదు, అని తీర్పు.

2020 అక్టోబరు 13 రాత్రి వానకు పాతబస్తీ దక్షిణమున పల్లెచెరువు కట్ట తెగి అల్‌జుబైల్ కాలనీని ముంచినది. కొన్ని దినములకే గుఱ్ఱంచెరువు నీరు హాఫిజ్‌బాబానగరు వీధులలోనికి వచ్చినది. మనుష్యులు కొట్టుకొనిపోయిరి. రాష్ట్రప్రభుత్వము కుటుంబమునకు 10 వేల రూపాయల సాయము ప్రకటించెను. ఎక్స్‌గ్రేషియా యను ఈ మాటకు అర్థమే ‘దయవలన’ అని. 1908 నాటి అన్నసత్రమునకు ఇది వారసు. ఆకలిగొన్నవానికి ఆ దయ అవసరమే, కాదనము. కాని తడిసిన సామాను కొంచెమైనను, ఎక్కువైనను, ఆ సాయమునకు ఒకే అంకె.

ఆ వీధులలో ఒకరు దావా వేసియుండిన ఎదుటిపక్షము ఏమని వాదించియుండునో ఊహించుట కష్టము కాదు. మొదట దైవఘటన. దానికి 788 చెరువుల లెక్కయు, గ్రీనకు తీర్పును బదులు. తరువాత కార్వేటినగరము: చెరువు ఉంచుట మా కర్తవ్యము. అట్లయిన, కట్టను, అలుగును కాచిన రికార్డు చూపుడు. పిమ్మట, చెరువు క్రింద ఇల్లు కట్టుకొన్నది నీవే, ముప్పు తెలిసియే వచ్చితివి, అని. ఈ వాదము మాకు మిక్కిలి చేదుగా తోచును. 1891లోనే, తలపై క్రేను రాళ్లు ఎత్తుచుండగా పనిచేసిన కూలివాని కేసులో, ముప్పు తెలియుట వేఱు, దానికి సమ్మతించుట వేఱని ప్రభువుల సభ తేల్చినది. పేదవాడు కొన్న గజములకు ధర తక్కువ గాన కొన్నాడు. మునుగుటకు సంతకము పెట్టలేదు. అనుమతి లేని కట్టడమను మాట నిజమైనప్పుడు మాత్రము, అతని తప్పు వంతుకు పరిహారము తగ్గింపవచ్చును. అమ్మినవాని వంతు, చూచియు చూడనట్లున్నవాని వంతు ఎంత యనునది వేఱు లెక్క.

పరిహారమనగా ధనమొక్కటే కాదు. హాని జరుగకముందే ఇంజంక్షను కోరవచ్చును: అలుగుదారి మూయుచున్నవానిని ఆపుమని కోర్టునడుగుట, మునిగిన పిదప లక్ష అడుగుటకంటె మేలు. హక్కు భంగమైనచోట హైకోర్టు రిట్టులోనే పరిహారమిచ్చు దారి కూడ 1983 నాటి రుదుల్ షా కేసునుండి తెరచుకొన్నది. మామూలు దావాకు వచ్చునప్పటికి చిక్కులెక్కువ. ప్రభుత్వముపై దావాకు రెండునెలల నోటీసు. అడిగిన మొత్తమును బట్టి కోర్టుఫీజు. తడిసి చినిగిన కాగితములతో ఆస్తి ఋజువు. నీటిలో కాగితములే మొదట పోవునని దావాచట్టము వ్రాసినవారికి తోచినట్లు లేదు.

2025 సెప్టెంబరు చివర రెండు జలాశయముల గేట్లు ఎత్తగా మూసీ పొంగి, మహాత్మాగాంధీ బస్సుస్టేషనులోనికి నీరు చేరినది. ప్రయాణికులను బయటికి చేర్చవలసి వచ్చినది. గేటు ఎత్తుట ఆనకట్టను కాచుటకు చేయక తప్పని పని. అట్టి చోట వ్యాజ్యమున అడుగదగిన ప్రశ్న ఒక్కటే మిగులును: గేటు ఎత్తిన గంటకును, దిగువ బస్తీలో హెచ్చరిక వినబడిన గంటకును నడుమ ఎంత వ్యవధి ఉన్నది? దానికి బదులు జలాశయము వద్ద వ్రాసి ఉంచు పుస్తకములో దొరకవలయును.